వైజాగ్ చలిలో గ్యారేజ్ గచ్చుకి ఎపాక్సీ: చూడాల్సింది చలినా, చెమ్మనా?

ధనుర్మాసం మొదలయ్యేసరికి వైజాగ్‌లో సొంతిల్లు ఉన్నవాళ్ళకి సంక్రాంతి లోపు అవ్వాల్సిన పనుల లిస్టు ఒకటి తయారవుతుంది. గోడలకి రంగులు, గేటుకి పెయింటు, ట్యాంకు కడగడం, వీటితో పాటు ఈ మధ్య కార్ పార్కింగ్ గచ్చుకి ఎపాక్సీ కోటింగ్ కూడా చేరింది. అక్కడే గందరగోళం మొదలవుతుంది. ఒక పెయింటర్‌ని అడిగితే "చలిలో ఎపాక్సీ సెట్ అవ్వదు సార్, మార్చి దాకా ఆగండి" అంటాడు. ఇంకొకాయన "మనకేం చలండీ, డబ్బా మీద 10 డిగ్రీలని రాసుంది, మనకి రాత్రి కూడా 15 పైనే ఉంటుంది, నిశ్చింతగా వేసేయొచ్చు" అంటాడు.

ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, కానీ ఇద్దరూ చూస్తున్నది గాలిలో వేడి ఎంత అన్నదే. మన ఊళ్ళో చలికాలంలో ఈ పని చెడితే దానికి కారణం ఎక్కువగా చలి కాదు, చెమ్మ. ఈ రెండిటికీ తేడా తెలియాలంటే ముందు ఎపాక్సీ ఎలా గట్టిపడుతుందో చూడాలి.

ఎపాక్సీ మామూలు పెయింట్‌లా ఆరదు

గోడ పెయింట్‌లో ఉన్న నీళ్ళో థిన్నరో ఎగిరిపోతే రంగు మిగులుతుంది, దాన్నే ఆరడం అంటాం. ఎపాక్సీ అలా కాదు. రెండు డబ్బాలొస్తాయి, ఒకటి రెసిన్, ఇంకోటి హార్డెనర్. రెసిన్ ఎక్కువగా బిస్ఫినాల్-ఎ, ఎపిక్లోరోహైడ్రిన్ అనే రెండిటినుంచి తయారైంది, హార్డెనర్‌లో అమైన్ అనే రసాయనాలుంటాయి. రెండూ కలిపిన క్షణం నుంచి ఒకదాన్నొకటి పట్టుకుని వలలాగా అల్లుకుపోతూ గట్టిపడతాయి, దీన్ని క్యూరింగ్ అంటారు. ఈ అల్లిక జరిగేటప్పుడు వేడి కూడా పుడుతుంది, కలిపిన బకెట్‌ని అలాగే వదిలేస్తే పట్టుకోలేనంత వేడెక్కి గడ్డ కట్టేది అందుకే.

కలిపాక ఎంతసేపు పని చేసుకోవచ్చో దాన్ని పాట్ లైఫ్ అంటారు. చేత్తో ముట్టుకుంటే అంటకపోవడం టచ్ డ్రై. అల్లిక పూర్తయి అసలు బలం రావడం ఫుల్ క్యూర్. మామూలు ఫ్లోర్ ఎపాక్సీకి 25 డిగ్రీల దగ్గర టచ్ డ్రై కొన్ని గంటలు, నడవడానికి ఒక రోజు, ఫుల్ క్యూర్‌కి 7 రోజులు అని సాధారణంగా రాస్తారు. ఆ 25 అన్న అంకెని మర్చిపోవద్దు, డబ్బా మీద ఉన్న టైములన్నీ ఆ వేడికి లెక్కేసినవే.

చలి నిజంగా చేసేది ఏంటి

రసాయన చర్యలకి ఒక మోటు లెక్క ఉంది, వేడి 10 డిగ్రీలు తగ్గితే వేగం సుమారు సగం అవుతుంది. అంటే 25 దగ్గర 6 గంటల్లో టచ్ డ్రై అయ్యేది 15 దగ్గర 12 గంటలు తీసుకుంటుంది, 7 రోజుల ఫుల్ క్యూర్ 14 రోజులవుతుంది. 10 కంటే కిందకి పోతే మామూలు హార్డెనర్‌తో ఈ లెక్క కూడా పనిచెయ్యదు, చర్య దాదాపు ఆగిపోతుంది. చాలా కంపెనీలు 10 దగ్గర గీత గీసింది అందుకే.

ఇంకోటి చిక్కదనం. చల్లబడిన రెసిన్ బాగా చిక్కబడుతుంది, రోలర్ లాగదు, కలిపేటప్పుడు చిక్కుకున్న గాలి బుడగలు పైకి తేలి పగలవు, అంచుల్లో మందంగా మధ్యలో పల్చగా పడుతుంది. కొన్నిసార్లు చల్లటి చోట చాన్నాళ్ళు నిల్వ ఉన్న రెసిన్ డబ్బా తెరిస్తే అడుగున పంచదార పేరుకున్నట్టు రవ్వరవ్వగా కనిపిస్తుంది. చూసిన వాళ్ళు పాడైపోయిందనో కల్తీ అనో అనుకుంటారు, కానీ అది స్ఫటికాలు కట్టడం మాత్రమే, డబ్బాని 50 డిగ్రీల పైన వేడి నీళ్ళలో ఉంచితే మళ్ళీ కరిగిపోతుంది. కరక్కుండానే హార్డెనర్ కలిపితే మాత్రం నిష్పత్తి తప్పుతుంది, ఎందుకంటే అడుగున గడ్డకట్టిన రెసిన్ లెక్కలోకి రాదు.

వైజాగ్ సిటీ వరకూ ఈ రెండూ పెద్ద అడ్డంకులు కావు. నెమ్మదిస్తుంది, అంతే. కొంత లాభం కూడా ఉంది, మే నెలలో గట్టిగా ఇరవై నిమిషాలు కూడా దొరకని పాట్ లైఫ్ జనవరిలో చక్కగా దొరుకుతుంది, మేస్త్రీకి హడావిడి ఉండదు. మరి పని ఎందుకు చెడుతుంది?

డ్యూ పాయింట్: మూడు డిగ్రీల లెక్క

గాలిలో ఎప్పుడూ కొంత నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలి చల్లబడుతూ పోతే ఒక దగ్గర ఇక ఆవిరిని పట్టుకోలేక నీళ్ళుగా వదిలేస్తుంది, ఆ వేడినే డ్యూ పాయింట్ అంటారు. తెల్లారేసరికి స్కూటీ సీటు తడిసిపోయి ఉండేది ఇలాగే, సీటు రాత్రి డ్యూ పాయింట్ కంటే చల్లబడింది.

గచ్చు కూడా అంతే. కాకపోతే గచ్చు మీద ఆ తడి కంటికి కనిపించకపోవచ్చు, సిమెంట్ పీల్చేసుకుంటుంది. అందుకే కోటింగ్ వాళ్ళందరూ పాటించే రూల్ ఒకటుంది, గచ్చు వేడి డ్యూ పాయింట్ కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి, దాంతో పాటు గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. చూడండి, ఇందులో గాలి వేడి ఎక్కడా నేరుగా లేదు, ఉన్నది గచ్చు వేడి.

డ్యూ పాయింట్‌ని చేతిలెక్కగా కూడా కట్టొచ్చు. 100 లోంచి తేమ శాతం తీసేసి, వచ్చినదాన్ని 5తో భాగించి, దాన్ని గాలి వేడిలోంచి తీసెయ్యాలి. తేమ 50 శాతం పైన ఉంటే ఇది బాగానే సరిపోతుంది, మన తీరంలో చాలావరకు 50 పైనే కాబట్టి ఇబ్బంది లేదు.

గచ్చు వేడి చూడటానికి గన్‌లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడతారు. కరోనా టైమ్‌లో నుదుటికి పెట్టి చూసినవి దీనికి పనికిరావు, అవి మనిషి ఒంటి వేడి చుట్టుపక్కల అంకెలే చూపిస్తాయి, ఇండస్ట్రియల్ రకం కావాలి. ఫోన్‌లో వెదర్ యాప్ కూడా డ్యూ పాయింట్ చూపిస్తుంది గానీ అది ఎక్కడిదో చూసుకోవాలి. ఎయిర్‌పోర్ట్ దగ్గర కొలిచిన అంకెకీ లాసన్స్ బే కాలనీలో సముద్రానికి రెండు వీధుల అవతల ఉన్న ఇంటికీ తేడా ఉంటుంది.

ఒక జనవరి రోజు, ఒక పోర్టికో

సీతమ్మధారలో పైన కప్పు, మూడు వైపులా తెరిచున్న పోర్టికో ఒకటి అనుకుందాం. అంకెలు ఉదాహరణకే, కానీ జనవరిలో ఇలాంటివి మామూలుగా కనిపించేవే.

పొద్దున్న 8 గంటలకి గాలి 20 డిగ్రీలు, తేమ 85 శాతం. 100లో 85 తీస్తే 15, అయిదుతో భాగిస్తే 3, కాబట్టి డ్యూ పాయింట్ 17. గచ్చు 19 ఉంది. తేడా 2 డిగ్రీలే. కంటికి గచ్చు పొడిగానే ఉంటుంది, పెయింటర్ కూడా రెడీగానే ఉంటాడు, కానీ రూల్ ప్రకారం ఇంకా టైమ్ కాలేదు.

11 గంటలకి గాలి 26, తేమ 65 కి దిగింది. డ్యూ పాయింట్ 19, గచ్చు 23. తేడా 4, ఇప్పుడు వెయ్యొచ్చు. సాయంత్రం 6 కి గాలి 24, తేమ 76, డ్యూ పాయింట్ 19 చిల్లర, గచ్చు ఇంకా 24 దగ్గరే ఉంది ఎందుకంటే గచ్చు నెమ్మదిగా చల్లారుతుంది. అప్పుడూ బాగానే ఉంది. అర్ధరాత్రికి గాలి 21, తేమ 86, డ్యూ పాయింట్ 18 చిల్లర, గచ్చు 21, తేడా 3 కంటే తగ్గిపోయింది. తెల్లవారుజామున 5 కి గాలి 19, తేమ 92, డ్యూ పాయింట్ 17 చిల్లర, గచ్చు పద్దెనిమిదిన్నర. తేడా ఒక డిగ్రీ మాత్రమే.

ఇప్పుడు 25 దగ్గర 6 గంటల్లో టచ్ డ్రై అయ్యే మెటీరియల్ తీసుకుందాం. 11 కి వేస్తే సాయంత్రం 5, 6 కల్లా పైపొర మూసుకుంటుంది, ఆ తర్వాత మంచు పడినా పెద్ద ప్రమాదం ఉండదు. అదే సాయంత్రం 5 కి వేస్తే? రాత్రి చల్లదనానికి ఆ 6 గంటలు 7 గంటల పైనే అవుతాయి, అంటే అర్ధరాత్రి దాటేదాకా పొర పచ్చిగానే ఉంటుంది, సరిగ్గా తేడా 3 కంటే తగ్గిన టైములో. వేసినప్పుడు అన్నీ కరెక్టే, ఆరేటప్పుడు కరెక్ట్ కాదు. చాలామంది కొలిచేది వేసే టైమ్‌లోనే, అసలు కొలవాల్సింది పొర మూసుకునే దాకా.

ఇంకో రోజు చూద్దాం, ఇది మరీ ముఖ్యం. ఫిబ్రవరి చివర, చలి పోయింది, సముద్రం మీదనుంచి తేమగాలి తిరిగింది. మధ్యాహ్నం గాలి 29, తేమ 78, డ్యూ పాయింట్ 24 చిల్లర. నేలకి ఆనుకున్న గచ్చు ఇంకా చలికాలం చల్లదనంలోనే ఉండి 25 చూపిస్తోంది. తేడా అర డిగ్రీ. టైల్స్ చెమర్చినట్టు కాలికి తడి తగిలేది ఇలాంటి రోజుల్లోనే. "చలి పోయింది కదా, ఇప్పుడు వేద్దాం" అనుకున్న రోజు జనవరి మధ్యాహ్నం కంటే అధ్వాన్నం అన్నమాట. మార్చి దాకా ఆగమన్న మొదటి పెయింటర్ సలహా అందరికీ ఎందుకు పనిచెయ్యదో ఈ ఒక్క లెక్కలో తెలుస్తుంది.

తెల్లటి జిడ్డు పొర ఎక్కడిది

తెల్లారి చూస్తే మెరవాల్సిన ఫ్లోర్ మసకగా, అక్కడక్కడ పాలు చిందినట్టు తెల్లగా, వేలితో రాస్తే జిడ్డుగా ఉంటుంది. దీన్ని అమైన్ బ్లష్ అంటారు. హార్డెనర్‌లో అమైన్ రెసిన్‌తో కలవడానికి టైమ్ పడుతుంటే, ఆ లోపు అది పైకొచ్చి గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తో, తేమతో కలిసిపోతుంది. చల్లగా ఉంటే రెసిన్‌తో కలయిక లేటు, చెమ్మగా ఉంటే గాలితో కలయిక ఎక్కువ. అందుకే చలి, చెమ్మ రెండూ కలిసినప్పుడే ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక్క కోటుతో అయిపోతే అది చూపుకి మాత్రమే సమస్య. దాన్ని కడక్కుండా దాని మీదే రెండో కోటు వేస్తే అసలు సమస్య మొదలవుతుంది, రెండో కోటు కింద కోటుకి కాకుండా ఆ జిడ్డుకి అతుక్కుంటుంది, కొన్ని నెలలకి కార్ టైరుతో పాటు పెచ్చులుగా లేచొస్తుంది. ఆ జిడ్డు నీళ్ళలో కరిగే రకం. కాబట్టి గోరువెచ్చని నీళ్ళతో రుద్ది కడిగితే పోతుంది, కడగకుండా నేరుగా సాండింగ్ చేస్తే మాత్రం అరిగిన గీతల్లోకి ఇంకా అంటుకుంటుంది. కొన్ని ప్రొడక్టుల్లో కలిపాక 15 నుంచి 30 నిమిషాలు ఆగి అప్పుడు వెయ్యమని రాస్తారు, దాన్ని ఇండక్షన్ టైమ్ అంటారు, అమైన్‌కి రెసిన్‌తో కలవడానికి ముందే కొంత అవకాశం ఇవ్వడానికి. అందరూ చదవకుండా వదిలేసే లైన్ అదే.

పొద్దున్న వెయ్యాలా, సాయంత్రం వెయ్యాలా

ఇక్కడ పనివాళ్ళలోనే రెండు పక్షాలున్నాయి, రెండిటికీ గట్టి కారణాలున్నాయి.

సాయంత్రం పక్షం చెప్పేది గచ్చులో గాలి గురించి. కాంక్రీట్ నిండా సన్న రంధ్రాలు, వాటిలో గాలి. ఎండెక్కేకొద్దీ గచ్చు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచించి పైకి తన్నుతుంది, పైన పచ్చిగా ఉన్న ఎపాక్సీలో సూదిమొన రంధ్రాలు, బుడగలు పెడుతుంది. అదే గచ్చు చల్లారుతున్న టైమ్‌లో వేస్తే గాలి లోపలికి ముడుచుకుంటుంది, దాంతో పాటు ప్రైమర్‌ని కూడా లోపలికి లాగుతుంది, పట్టు బాగుంటుంది. ఇది నిజమే, ఎండాకాలంలో, ఎండ నేరుగా పడే చోట ఇదే సరైన వాదన.

పొద్దెక్కాక వెయ్యాలనే పక్షం చెప్పేది పైన చూసిన డ్యూ పాయింట్ లెక్క. చలికాలం వైజాగ్‌లో నా ఓటు వీళ్ళకే, కారణం ఏంటంటే బుడగలకి మందు ఉంది, చెమ్మకి అంత తేలిక మందు లేదు. పల్చటి ప్రైమర్ ఒక కోటు బాగా పీల్చుకునేలా వేస్తే రంధ్రాలు మూసుకుపోతాయి, పైన కోటుకి గాలి తన్నే భయం చాలావరకు తగ్గుతుంది. నీడలో ఉన్న పార్కింగ్‌లో గచ్చు వేడి పొద్దున్నుంచి మధ్యాహ్నానికి మరీ ఎక్కువ మారదు కాబట్టి అసలు బుడగల ముప్పే తక్కువ. అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్ అయితే ఇంకా నయం, పైన శ్లాబ్ అడ్డముంటుంది గనక గచ్చు ఆకాశానికి వేడి వదలలేదు, రాత్రి అంతగా చల్లబడదు. కానీ సెల్లార్ వేరు, అక్కడ గాలి ఆడదు.

గచ్చు లోపలి చెమ్మ ఇంకో కథ

ఇప్పటిదాకా చెప్పింది గాలినుంచి వచ్చే చెమ్మ. కిందనుంచి వచ్చేది ఇంకోటి ఉంది. మనకి అక్టోబర్, నవంబర్ వరకూ వానలు, వాయుగుండాలు ఉంటాయి, హుద్‌హుద్ తుఫాను వచ్చింది కూడా 2014 అక్టోబర్ 12న. డిసెంబర్‌లో పైకి గచ్చు తెల్లగా పొడిగా ఉన్నా కింద మట్టి ఇంకా తడిగానే ఉంటుంది. కొండవాలులో కట్టిన ఇళ్ళకైతే ఎత్తు వైపు గోడనుంచి ఊట కూడా దిగుతుంది. కాంక్రీట్ కింద పాలిథీన్ షీట్ పరవని గచ్చుల్లో ఆ ఆవిరి నెమ్మదిగా పైకి వస్తూనే ఉంటుంది, ఎపాక్సీ దానికి మూతలా అడ్డం పడుతుంది, కొన్ని నెలలకి బొబ్బలు లేస్తాయి, గుచ్చితే లోపల నీళ్ళు. బీచ్ వైపు ఇళ్ళల్లో గచ్చు మీద చేరే ఉప్పు దీన్ని ఇంకా పెంచుతుంది, ఉప్పు నీళ్ళని తనవైపు లాగుతుంది కదా.

దీన్ని చూడటానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది, పరీక్షలకి ప్రమాణాలు రాసే ఏఎస్‌టీఎం సంస్థ దానికి డీ 4263 అని నంబర్ కూడా ఇచ్చింది. 45 సెంటీమీటర్ల చదరం పారదర్శక ప్లాస్టిక్ షీట్‌ని నాలుగు వైపులా టేప్‌తో గాలి చొరకుండా అతికించి కనీసం 16 గంటలు ఉంచడం. తీసి చూసినప్పుడు షీట్ అడుగున నీటి బొట్లు గానీ గచ్చు నల్లబడటం గానీ ఉంటే చెమ్మ కిందనుంచి వస్తోంది. షీట్ పైన మాత్రమే తడి ఉంటే అది గాలిలోంచి పడింది. ఒక్క షీట్‌తో రెండు చెమ్మలూ విడివిడిగా తెలుస్తాయి. అయితే చలిరోజున గచ్చు చల్లగా ఉంటే కిందనుంచి ఆవిరి తక్కువ లేస్తుంది కాబట్టి పరీక్ష పాసైనంత మాత్రాన ఎండాకాలంలో రాదని కాదు, అనుమానం ఉంటే తేమ మీటర్‌తో చూపించుకుంటారు, కంపెనీలు ప్రొడక్టుతో ఇచ్చే చాలా డేటా షీట్లలో గచ్చు తేమకి 4 శాతం హద్దు అని ఉంటుంది.

కొత్త గచ్చుకి 28 రోజులు అన్న మాట కూడా ఇక్కడే తికమక పెడుతుంది. 28 రోజులనేది కాంక్రీట్ బలానికి పెట్టిన లెక్క, ఎండిపోవడానికి కాదు. ఎండటానికి అంగుళం మందానికి సుమారు నెల అని మోటుగా చెప్తారు, అంటే నాలుగంగుళాల గచ్చుకి నాలుగు నెలలు. గృహప్రవేశం డేట్ పెట్టుకుని నెలన్నర ముందు పార్కింగ్ గచ్చు పోసిన వాళ్ళకి ఇది చేదు వార్తే.

వేడి చేస్తే, హార్డెనర్ పెంచితే?

సెల్లార్లో నిప్పుల కుంపటో గ్యాస్ హీటరో పెట్టి వేడి చేద్దామనే ఆలోచన వస్తుంది. గ్యాస్ గానీ కిరోసిన్ గానీ మండితే వచ్చేవే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, అంటే బ్లష్‌కి కావాల్సిన రెండూ మనమే తెచ్చి పెట్టినట్టు. బొగ్గుల కుంపటి మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, అది ప్రాణం మీదకి తెస్తుంది. కరెంట్ హీటర్‌కి ఈ బాధలు లేవు.

త్వరగా గట్టిపడాలని హార్డెనర్ కాస్త ఎక్కువ పోయడం ఇంకో అలవాటు. అల్లికలో రెసిన్‌కీ అమైన్‌కీ లెక్క ప్రకారం జతలుంటాయి, ఎక్కువైన అమైన్‌కి జత దొరకదు, మెత్తగా అలాగే మిగిలి బ్లష్‌కి ముడిసరుకు అవుతుంది.

వాటర్ బేస్డ్, పాలీఆస్పార్టిక్: పేర్లు మారితే ఏం మారుతుంది

వాసన తక్కువని వాటర్ బేస్డ్ ఎపాక్సీ తీసుకుంటే దానిలో నీళ్ళు ముందు ఎగిరిపోవాలి, ఆ తర్వాతే అల్లిక సరిగ్గా కుదురుతుంది. గాలిలో 85 శాతం తేమ ఉంటే ఆ నీళ్ళు ఎక్కడికీ పోవు. కాబట్టి చెమ్మ రోజుల్లో దీనికి గాలి ఆడటం తప్పనిసరి. పాలీఆస్పార్టిక్ అనేది అసలు ఎపాక్సీయే కాదు, వేరే కుటుంబం, చలిలో కూడా గంటల్లో గట్టిపడుతుంది, ఎండకి పసుపెక్కదు. దాన్ని మెచ్చుకునేవాళ్ళు చెప్పేవన్నీ నిజమే. కానీ తేమ దాన్ని ఇంకా తొందరపెడుతుంది, మన తీరప్రాంతంలో కలిపాక దొరికే టైమ్ బాగా తగ్గిపోతుంది, చెయ్యి తిరిగిన పనివాడు లేకపోతే అతుకులు కనిపిస్తాయి, దానిలో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసైనేట్లనే రసాయనాలుంటాయి గనక మంచి మాస్క్ లేకుండా ముట్టకూడదు. ఎండ పడే పోర్టికోకి కింద ఎపాక్సీ, పైన ఇలాంటి ఎండ తట్టుకునే పొర ఒకటి వేసే పద్ధతి ఎక్కువమంది ఒప్పుకునేది.

కొండెక్కితే లెక్క మారుతుంది

అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి వైపు హోమ్‌స్టేలు, రిసార్టులు కట్టేవాళ్ళు వైజాగ్ నుంచే పనివాళ్ళని తీసుకెళ్తారు. 2022లో అల్లూరి జిల్లా అయిన ఆ మన్యంలో డిసెంబర్, జనవరి రాత్రులు పది లోపుకి దిగిపోవడం మామూలే, లంబసింగిలో ఇంకా కిందకి. అక్కడ మాత్రం చలే అసలు సమస్య. మధ్యాహ్నం 22 ఉందని వేస్తే రాత్రికి గచ్చు 12కో 10కో పడిపోతుంది, మామూలు హార్డెనర్ సగంలో నిద్రపోతుంది. దీనికి ఫెనాల్కమైన్ లాంటి చలి తట్టుకునే హార్డెనర్లు వేరే ఉన్నాయి, 5 డిగ్రీల దగ్గర కూడా పనిచేస్తాయి, రంగు కాస్త ముదురుగా వస్తుంది. సిటీలో పనికొచ్చిన డబ్బానే ఘాట్ ఎక్కించి వాడితే డబ్బా తప్పు కాదు.

వారమైనా అంటుకుంటుంటే

వారం గడిచినా ఫ్లోర్ చేతికి అంటుకుంటోందంటే కారణం ఎక్కువగా రెండిట్లో ఒకటి. చలివల్ల లేటైతే ఫ్లోర్ మొత్తం ఒకేలా మెత్తగా ఉంటుంది, గోరు గుచ్చితే అంతటా ఒకేలా దిగుతుంది, ఎండ ముదిరేకొద్దీ రోజురోజుకీ గట్టిపడుతుంది. అప్పటిదాకా కార్ పెట్టకుండా ఉంటే చాలు, ఎందుకంటే వేడెక్కిన టైరు పచ్చి పొరని పట్టుకుని లేపేస్తుంది. అలా కాకుండా ఒక చోట రాయిలా, పక్కన అరచెయ్యంత మేర బంకలా ఉంటే అది కలపడంలో తప్పు, బకెట్ అంచులకి అంటుకుని కలవకుండా మిగిలింది అక్కడ పడింది. అది ఎన్ని ఎండలు కాసినా గట్టిపడదు. ఆ మచ్చల వరకూ గచ్చు కనిపించేదాకా గీకేసి మళ్ళీ వెయ్యాల్సిందే.